దడిలోకి రాని జింకలు

రెండు జింకలు ఢిల్లీబాబు గేటు ముందు చచ్చిపడి ఉండగా పోయిన వారం ఆగాం. పాతవాళ్లకు ఇది గుర్తుండే ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లకు నాలుగు మాటలు చెప్పి కథలోకి వెళతాను.

మొగలితిప్ప పులికాట్ సరస్సులో ఒక దీవి. సూళ్లూరుపేట నుంచి నీళ్ల మధ్యన పోసిన మట్టిరోడ్డు మీద రావాలి. ఇరవై ఏళ్ల కిందట చిత్తూరు, పుత్తూరు వైపు వ్యాపారస్తులూ, పొలాలు అమ్ముకున్న రైతులూ వచ్చి ఇక్కడ కాలనీ కట్టుకున్నారు. రెండు వందల ఇళ్లు. జింకలు కూడా ఇంచుమించు అన్నే. ఇంటికొకటి వంతున లెక్క బాగానే కుదిరిందనుకోవచ్చు, కానీ జింకలు ఏటేటా పిల్లల్ని కంటాయి, ఇళ్లు కనవు. దీవి మీద పులీ చిరుతా ఎటూ లేవు. గడ్డి ఎప్పుడో అయిపోయింది. తులసికోటలో తులసి ఉండదు, పొద్దున కట్టిన మామిడాకుల తోరణం సాయంత్రానికి ఉండదు. ఒక పెళ్లిలో పందిరికి కట్టిన అరటిచెట్లు ముహూర్తానికి ముందే మొండాలైపోయిన సంగతి మూడో భాగంలో చెప్పుకున్నాం. ఇంత తిన్నా వాటికి చాలదు. డొక్కలు ఎండిపోయి, పాలిథిన్ కవర్లు నములుతూ తిరుగుతున్నాయి.

కాలనీ సంఘం సెక్రటరీ నాగవేణి, సూళ్లూరుపేట హైస్కూల్లో లెక్కల టీచరు, అటవీశాఖ చుట్టూ తిరిగి తిరిగి ఒక దారి సాధించింది. దీవి ఉత్తరం కొసన దడి కట్టారు. రెండు వైపులా పచ్చటి గుడ్డ, మొదట్లో వెడల్పు, పోనుపోను ఇరుకు, గరాటులాగా. చివర లారీ. లోపల పచ్చిమేత వేసి పెడతారు. జింకల్ని తరిమి పట్టుకోవడానికి లేదు, పట్టుకుంటే భయానికే గుండె ఆగి చస్తాయి. వాటంతట అవే నడిచి లోపలికి రావాలి, రోజూ వచ్చి అలవాటు పడాలి, ఒక రోజు వెనక తలుపు మూసి శేషాచలం అడవికి తోలుకుపోవాలి. అవి రావాలంటే వాటికి ఆకలి వేయాలి. అందుకే కాలనీవాళ్లంతా సంఘం హాల్లో దీపం ముందు చేయి పెట్టి, ఇక జింకలకు మేత పెట్టం అని మాట ఇచ్చారు.

ఒక్క ఢిల్లీబాబు మాత్రం, "మీ దడి పని చేసేది కాదు, ఇంత విషం పెడితే ఒక్క పూటలో తేలిపోతాది" అని అందరి ముందూ అన్నాడు. సూళ్లూరుపేటలో హార్డ్‌వేర్ దుకాణం ఉన్న మనిషి, నోటికి తాళం లేని మనిషి. ఆ తర్వాత ఆయన గేటు ముందే రెండు ఆడజింకలు చచ్చి కనబడేసరికి నాగవేణి ఆగలేకపోయింది. మైకు పట్టుకుని ఆయన్ని హంతకుడు అనేసింది. పోయిన వారం చివరి వాక్యం అదే.

శనివారం పొద్దున్నే అటవీశాఖ రేంజి ఆఫీసరు రూపశ్రీ జీపు నాగవేణి ఇంటి ముందు ఆగింది. రూపశ్రీ ముప్పై దాటని పిల్ల. యూనిఫాంలో ఉన్నా నాగవేణిని అక్కా అనే పిలుస్తుంది, టోపీ మాత్రం ఎప్పుడూ చంకలోనే ఉంటుంది. ఆ రోజు మెట్లు ఎక్కకుండా కిందే నిలబడిపోయింది.

"విషం కాదక్కా."

"మరేంది?"

"పొంగలి."

నాగవేణి ఆమె మొహంలోకి చూసింది. తమాషా చేస్తున్నట్టు లేదు.

"డాక్టరు పొట్ట కోసి చూసినాడు. లోపలంతా అన్నం, పెసరపప్పు, బెల్లం. ఆకులూ గడ్డీ అరిగించుకునే కడుపు కదక్కా అది. అంత అన్నం ఒకేసారి పడితే లోపలే పులిసిపోయి, కడుపుబ్బి చస్తాయంట. రెండిటికీ అదే. అందులో ఒకటి సూడిది. లోపల పిల్ల ఉండింది."

నాగవేణి గేటు పట్టుకుని నిలబడింది. ఢిల్లీబాబు మొహం, మైకులో తన గొంతు, రెండూ ఒకేసారి గుర్తుకొచ్చాయి.

"ఇంకోటి," అంది రూపశ్రీ. "సోమవారం దడిలోకి పదో పన్నెండో వస్తాయి. శుక్రవారానికి సగం మంద వస్తాది. ఆదివారం చూస్తే ఒక్కటీ ఉండదు. మళ్లా మొదటినుంచి మొదలు. నెల రోజులుగా ఇదే వరస. నాలుగు దినాల్లో వాన పట్టుకుంటే రోడ్డు మునిగిపోతాది, లారీ రాదు. మళ్లా ఎండ కాసేదాకా ఈడ ఎన్ని మిగులుతాయో నేను చెప్పలేను. శనివారం ఏం జరగతా ఉండాదక్కా మీ కాలనీలో?"

నాగవేణి జవాబు చెప్పాల్సిన పని లేకపోయింది. ఇంట్లోంచి నెయ్యీ బెల్లమూ కలిసి ఉడుకుతున్న వాసన గేటు దాకా వచ్చింది. పక్కింటి నుంచి అదే వాసన. ఎదురింట్లో ఎవరో "గోవిందా" అని గట్టిగా అరిచారు, లోపలినుంచి పిల్లలు అందుకుని "గోవింద" అన్నారు. ఆ రోజు తమిళ నెల పెరటాసిలో చివరి శనివారం.

చిత్తూరు వైపు వాళ్లకు పెరటాసి శనివారమంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. తక్కినవాళ్ల కోసం: ఆ రోజు ఇంట్లో తళిగ వేస్తారు. అరటాకు పరిచి, పొంగలి, పులుసన్నం, వడలు పెట్టి, బియ్యప్పిండీ బెల్లమూ కలిపిన సలిబిండితో దీపాలు చేసి వెలిగించి, వేంకటేశ్వరస్వామికి నైవేద్యం పెట్టి, ఆ తర్వాతే ఇంటిల్లిపాదీ తింటారు. మొగలితిప్పలో దీనికి ఒక సొంత ఆచారం కలిసింది. నైవేద్యం కాగానే మొదటి ఆకు గేటు బయట పెడతారు.

వంటింట్లో నాగవేణి అత్త శకుంతలమ్మ తడిచీర కట్టుకుని పొయ్యి దగ్గర నిలబడి ఉంది. డెబ్బై దాటినా పెరటాసి వంట కోడలి చేతికి ఇవ్వదు. కాలనీకి పునాది వేసిన గోవిందస్వామి భార్య ఆమె. ఆయన పోయి ఆరేళ్లయింది. సంఘం హాల్లో ఆయన ఫోటోకి ఇప్పటికీ రోజూ పూలదండ వేస్తారు.

"అత్తా, పోయిన శనివారం మొదటి ఆకు యాడ పెట్టినావు?"

"యాడ పెడతారు మే? గేటు బయట."

"ఎవరికి?"

"సామి జింకలకి. ఏంది, కొత్తగా అడగతా ఉండావు?"

"మేత పెట్టనని దీపం ముందర చెయ్యి పెట్టి చెప్పినావు కదా అత్తా!"

"పెట్టల్యా," అంది శకుంతలమ్మ గరిటె తిప్పుతూ. "నెల దినాలుగా ఒక్క గడ్డిపోచ ఎయ్యల్యా. గేటు కాడికి వచ్చి నా మొగం సూస్తా ఉన్నా తలుపేసుకున్నా. నేను పెట్టింది ప్రసాదం. ప్రసాదం మేత అవుతాదా?"

ఇక్కడ నవ్వొచ్చిన పాఠకులు నవ్వుకోవచ్చు. శకుంతలమ్మ మాత్రం నవ్వుతూ అనలేదు, దబాయిస్తూ కూడా అనలేదు. దీపం ముందు అబద్ధమాడే మనిషి కాదు ఆమె. కాలనీలో ఎవరూ అబద్ధమాడలేదు. మేత మానేయమన్నారు, మానేశారు. ప్రసాదం మానేయమని ఎవరూ చెప్పలేదు, చెబుతారని ఎవరికీ తోచలేదు. పిల్లలకు లెక్కలు చెప్పే నాగవేణి మాట తీసుకునేటప్పుడు ఈ ఒక్క లెక్క వేసుకోలేదు. ఆమెకు ఏడుపొచ్చింది.

"అందరిండ్లలోనూ ఇంతేనా?"

"ఇంటికొక ఆకు. ఒక్కాకు తింటే ఏమైపోతాది?"

"ఒక్కాకు కాదత్తా, రెండు వందల ఆకులు. బలమున్న జింక పది ఇండ్లు తిరిగి తింటాది. ఢిల్లీబాబు గేటు కాడ చచ్చినవి విషం తిని చావల్యా. మన పొంగలి తిని చచ్చినాయి. ఒకదాని కడుపులో పిల్ల ఉండిందంట."

గరిటె ఆగింది. శకుంతలమ్మ వెనక్కి తిరగలేదు. స్టవ్ కట్టేసి, గట్టు పట్టుకుని నిలబడింది.

"సూడిదా?"

"రూపశ్రీ చెప్పింది. వాకిట్లోనే ఉండాది, అడుగు."

"నేను అడగను."

"ఈరోజన్నా ఎవరూ ఆకు బయట పెట్టకుండా ఉంటే, నిన్న వచ్చిన సగం మంద రేపు దడిలోకి వస్తాది. తక్కినవి దాని ఎనకాలే వస్తాయి. అందర్నీ హాలుకు పిలిచి చెప్తా."

"ఎవురూ ఇనరు. సామి పంపిన జింకల్ని పెరటాసి శనివారం పస్తు పెట్టమంటే ఇంటారా? నిన్నే ఎల్లగొడతారు."

"సామి పంపినాడని ఎవరు చూసినారత్తా?" నాగవేణి గొంతు పెరిగింది. "భూమిపూజ రోజు తెల్లారగట్ల సరస్సులో ఈదుకుంటా వచ్చినాయంట, ఒంటి మింద నీళ్లు కారతా ఉండినాయంట. ఇరవై ఏండ్లుగా ఇదే కత. ఎవరు చూసినారు?"

శకుంతలమ్మ పీట వాల్చుకుని కూర్చుంది. చెంగుతో మొహం తుడుచుకుంది. చెప్పడం మొదలుపెట్టాక మాత్రం ఎక్కడా తడుముకోలేదు.

"నీళ్లు కారతా ఉండినమాట నిజం. బిందెతో నేనే పోసినాను."

నాగవేణి వంటింటి తలుపు దగ్గరికి వేసింది.

"ప్లాట్లు ఒక్కటీ పోల్యా మే అప్పుట్లో. ఉప్పునీళ్ల మధ్యలో తిప్ప ఎవురికి కావాల? మీ మామ ఇల్లు కుదవ పెట్టి ఈ నేల కొన్నాడు. రాత్రిళ్లు నిద్ర పోయేవాడు కాదు. భాకరాపేట కాడ ఒకాయన మామిడితోపులో జింకల్ని సాకతా ఉండినాడు, దొంగతనంగా. మీ మామ వాటిని బేరమాడి, లారీలో పశువుల మేతకు తోలే చెనిక్కాయ కట్టె కింద దాచి తెచ్చినాడు. ఐదు. అందులో పిల్లది నా ఒళ్లోనే ఉండింది దారి పొడుగునా. తెల్లారి పూజకి జనం వచ్చేలోపల నీళ్లు పోసి ఇడిచిపెట్టినాము. జనం సూసినారు, కాళ్లకి మొక్కినారు. ఆ నెలలోనే అన్ని ప్లాట్లూ పోయినాయి."

"అమర్‌కి తెలుసా?"

"తెలీదు. ఎవురికీ తెలీదు."

అమర్‌నాథ్ నాగవేణి భర్త. రేణిగుంటలో గోడౌను మేనేజరు, వారానికొకసారి శనివారం సాయంత్రం ఇంటికి వస్తాడు. తండ్రి పేరెత్తితే చాలు, ఆయన గొంతు మెత్తబడుతుంది.

నాగవేణి అత్త ఎదురుగా నేల మీద కూర్చుంది. తను అడగబోయేది ఎంత దారుణమో ఆమెకు తెలుసు. తెలిసే అడిగింది.

"ఈ మాట హాల్లో చెప్పత్తా."

"ఏందీ?"

"అవి సామి పంపినవి కాదని తెలిస్తేనే ఆకులు ఆగతాయి. నేను చెప్తే నమ్మరు. నువ్వు చెప్తే నమ్మతారు."

"ఆయన్ని నా నోటితో దొంగని చెయ్యమంటావా?" శకుంతలమ్మ హాలు వైపు చెయ్యి చూపించింది. "ఆ పటానికి దండేసే జనం ముందర? నాకు మిగిలింది ఆయన పేరొక్కటే మే."

"నువ్వు చెప్పకపోతే నేను చెప్తా."

అలా అనకుండా ఉండాల్సిందని అనగానే అనిపించింది. కానీ మాట వెనక్కి తీసుకోలేదు. శకుంతలమ్మ కోడలి వంక చూసింది. పెళ్లై వచ్చినప్పటినుంచి ఒక్కనాడూ అత్తకు ఎదురు మాట్లాడని పిల్ల. ఆమె లేచి, తడిచీర మార్చుకోవడానికి లోపలికి వెళ్లింది. వస్తానని చెప్పలేదు, రానని కూడా చెప్పలేదు.

నైవేద్యాల వేళ కాకముందే హాలు నిండింది. అందరి చేతులకూ సలిబిండి అంటుకునే ఉంది, అందరికీ ఇంటికి పోయే తొందరే. గోవిందస్వామి ఫోటోలోంచి నవ్వుతూ చూస్తున్నాడు. పక్కన రూపశ్రీ కుర్చీ వేసుకుని కూర్చుంది. మొదటి వరసలో ఢిల్లీబాబు చేతులు కట్టుకుని, కాలు మీద కాలేసుకుని ఉన్నాడు.

నాగవేణి ముందు ఆయనకే చెప్పింది. "ఢిల్లీబాబన్నా, పోయిన వారం ఇదే మైకులో నిన్ను అనకూడని మాట అన్నాను. తప్పు నాది. నువ్వు విషం పెట్టల్యా. నన్ను క్షమించు."

ఢిల్లీబాబు కాలు దించాడు. "మైకులో తిట్టి మైకులోనే క్షమించమన్నావు, సరే టీచరమ్మా. మరి ఎవురు పెట్టినారంట?"

నాగవేణి చెప్పింది. పొంగలి అన్న మాట రాగానే హాలంతా గోల లేచింది. ఢిల్లీబాబు లేచి నిలబడి జనం వైపు తిరిగాడు. ఆయన మొహంలో కోపం కంటే సంతోషమే ఎక్కువగా కనిపించింది.

"నేను నోటితో అన్నాను. మీరు చేత్తో పెట్టినారు. ఇంక నా గేటు కాడికి వచ్చి ఉమ్మినోళ్లంతా రండప్పా, వరసగా రండి!"

"మా ఇంట్లో ఆకు శానా చిన్నది," అంది వెనకనుంచి చెంగమ్మ.

"పెరటాసి శనివారం, అదీ సామి ప్రసాదం తిని పోయినాయి," అన్నాడు ప్రేమానందం. కాలనీలో అందరికంటే పెద్దవాడు, ఏ మాటకైనా ఆయన ముగింపు పలకాల్సిందే. "వాటికి వైకుంఠం కాక ఇంకేం కావాలబ్బా? ఆయన పంపినాడు, ఆయనే తీసుకుపోయినాడు. మధ్యలో మనమెవురు ఆపడానికి? పదండి, నైవేద్యానికి ఆలస్యమవతా ఉండాది."

నాలుగు వరసలు లేచాయి. నాగవేణి మైకులో ఏదో అంటోంది, ఎవరూ వినడం లేదు. ఆమె చూపు తలుపు వైపు పోయింది. చెప్పేస్తే సరిపోతుంది, ఒక్క వాక్యం. ఫోటో వైపు చూడకుండా ఆ వాక్యం చెప్పేయాలనుకుంది. అప్పుడే లేచినవాళ్లు పక్కకు జరిగి దారి ఇవ్వడం కనిపించింది. శకుంతలమ్మ వస్తోంది.

పట్టుచీర కట్టుకుంది. నడుము కొంచెం వంగింది కానీ నడక నిదానంగానే ఉంది. కోడలి చేతిలోంచి మైకు తీసుకుంది.

"కూర్సోండప్పా," అంది. ప్రేమానందంతో సహా అందరూ కూర్చున్నారు.

"ఆ జింకల్ని సామి పంపల్యా. భాకరాపేట నుంచి లారీలో వచ్చినాయి, చెనిక్కాయ కట్టె కింద. ఈదుకుంటా వచ్చినట్టు అగపడాలని వాటి మింద నీళ్లు పోసింది నేనే. మీరు ప్లాట్లు కొనాలని చేసిన పని అది. ఇరవై ఏండ్లు మీరు మొక్కింది నా బిందె నీళ్లకి."

ప్రేమానందం నోరు సగం తెరిచి ఉండిపోయాడు. నాగవేణికి ఒక్కసారిగా గుండె బరువు దిగినట్టనిపించింది, అత్త మీద ఎన్నడూ లేనంత ప్రేమ పొంగింది. అది అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

"ఈ పని ఎవురు చేసినారని మీరు అడగతారు," అంది శకుంతలమ్మ. "నేనే చేసినాను. బేరం చేసింది నేను, లారీ మాట్లాడింది నేను. మా ఆయనకి తెలీదు. ఆయన కూడా మీ మాదిరే సామి పంపినాడని నమ్మి, చెంపలేసుకొని మొక్కినాడు. నమ్మే పోయినాడు. ఆయన పటం జోలికి ఎవురూ పోవద్దు. తిట్టాలంటే నన్ను తిట్టండి. ఈరోజు మటుకు ఎవురూ ఆకు బయట పెట్టొద్దు, మీకు దండం పెడతా."

చెంగమ్మ ఏడుస్తోంది. వెనక వరసలో ఎవరో, "మా ఇంట్లో పెట్టములేమ్మా," అన్నారు. ఇంకొకరు అన్నారు. ఢిల్లీబాబు కూడా తల దించుకున్నాడు. నెల రోజులుగా నాగవేణి కోరుకున్నది ఆ నిమిషంలో జరిగిపోయింది.

రూపశ్రీ కుర్చీలోంచి లేచింది. చంకలో ఉన్న టోపీ తీసి తలకు పెట్టుకుంది.

"అమ్మా, జింకల్ని పట్టడం, దాచి తోలుకురావడం నేరం. ఎన్నేళ్లయినా నేరమే. మీరు ఇంతమంది ముందర చెప్పినారు. నేను విన్నాను. విననట్టు ఉండేదానికి నాకు లేదు."

"తెలుసు తల్లీ," అంది శకుంతలమ్మ.

"మీరు ఒక్కరే చేసినారా?"

"ఒక్కదాన్నే."

రూపశ్రీకి నమ్మకం కలగలేదు. అప్పట్లో ఆడమనిషి ఒక్కతే అడవి జంతువుల్ని బేరమాడి లారీకెక్కించిందంటే ఏ ఆఫీసరు నమ్ముతుంది? ఆమె నాగవేణి వైపు తిరిగింది. ఈసారి అక్కా అనలేదు.

"మేడం, మీకు ఈ సంగతి తెలుసు, మీ మొగం చూస్తేనే తెలస్తా ఉండాది. ఆమె చెప్పేది నిజమేనా? చచ్చిపోయిన మనిషి మీద నేను కేసు పెట్టలేను. ఇంకెవరన్నా చేసినారంటే చెప్పండి, ఈమెని వదిలేసి పోతాను."

హాలంతా నాగవేణి వైపే చూసింది. ఒక్క మాట చాలు, అత్త ఇంటికి వస్తుంది. ఆ మాట అంటే ఫోటో గోడ దిగుతుంది, అత్త మళ్లీ తనతో మాట్లాడదు. శకుంతలమ్మ బతిమాలలేదు, సైగ చేయలేదు. కోడల్ని చూస్తూ నిలబడింది, అంతే. పొద్దున వంటింట్లో బెదిరించింది తను. ఈ పెద్దామెను ఇక్కడిదాకా నడిపించింది తను.

"నిజమే," అంది నాగవేణి.

శకుంతలమ్మ ఊపిరి వదిలింది. రూపశ్రీ ఇంకొక్క క్షణం చూసి, జీపు హాలు మెట్ల దాకా తెమ్మని డ్రైవరుకు చెప్పింది. జనం లేచి దారి ఇచ్చారు. శకుంతలమ్మ జీపెక్కేముందు కోడలి చెయ్యి పట్టుకుని, చెవి దగ్గర నోరు పెట్టి అంది:

"సాయంత్రం అమర్ వస్తాడు. అమ్మ యాడని అడగతాడు. వానికీ ఇదే చెప్పు."